అంతర్జాలంలో అధ్యాపకుడి చిరునామా

విద్యార్థి సంఘం కార్యదర్శి స్టాఫ్ రూమ్‌కి వచ్చి, "సార్, సావనీర్‌కి మీరో వ్యాసం ఇవ్వాలి. పనికొచ్చేది రాయండి, ఉపదేశం మాత్రం వద్దు" అన్నాడు. ఉపదేశం చేసే అర్హత ఈ విషయంలో నాకెలాగూ లేదు. నేను చేసిన ఒక పొరపాటూ, దానివల్ల నేర్చుకున్న నాలుగు సంగతులూ మనవి చేస్తాను.

శామీర్‌పేట దగ్గరి పల్లె నుంచి వచ్చి నా దగ్గర మూడేళ్ళు భౌతికశాస్త్రం చదివిన అమ్మాయి, ఎమ్మెస్సీ అయ్యాక విదేశంలో పరిశోధనకు దరఖాస్తు పెట్టుకుంది. సిఫారసు ఉత్తరం నన్ను రాయమంది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మంచి ఉత్తరమే రాశాను. నా సొంత ఈమెయిల్ నుంచి పంపాను. ఎప్పుడో మా అబ్బాయి తెరిచి ఇచ్చిన చిరునామా అది. అందులో నా పేరు సగం, మిగతా సగం అంకెలు.

పది రోజులకు ఆ విశ్వవిద్యాలయం నుంచి అమ్మాయికి జవాబు వచ్చింది. ఉత్తరం రాసినాయన అధ్యాపకుడని నిర్ధారించుకోలేకపోతున్నాం, కళాశాల చిరునామా నుంచి మళ్ళీ పంపించండి అని. వాళ్ళు నా కోసం వెతికి ఉంటారు. నేనూ వెతికి చూసుకున్నాను. నా పేరుతో ఇద్దరు డాక్టర్లు, ఒక స్థలాల వ్యాపారి కనిపించారు. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్న నేను ఎక్కడా లేను!

కాగితాలన్నీ సరిచేసి పంపేసరికి గడువుకి రెండు రోజులుంది. అమ్మాయికి సీటు వచ్చింది, ఫెలోషిప్ మాత్రం ఆ ఏడు రాలేదు. నా ఉత్తరం ఆలస్యం కావడం వల్లేనా అంటే చెప్పలేను. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒకప్పుడు మేడ్చల్ బస్టాండులో దిగి "లెక్కల సార్ ఇల్లెక్కడ?" అని అడిగితే టీకొట్టు కుర్రాడు కూడా వచ్చి చూపించేవాడు. ఈనాడు అడిగేవాడు బస్టాండులో ఉండడు, సముద్రాల అవతల ఉంటాడు. వాడికి దారి చూపించే గుర్తు ఒకటి ఉండాలి. అంతర్జాలంలో అధ్యాపకుడి ఉనికి అంటే నా దృష్టిలో ఇంతే. ఇది సొంత డప్పు కాదు. మన మాటను నమ్ముకున్న విద్యార్థికి, ఆ మాట ఎవరిదో రుజువు చూపించడం.

మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. కె. శ్రీనివాస్ అంటే ఈ జిల్లాలోనే ఎంతమంది తేలతారో! సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పత్రికలో అచ్చయిన వ్యాసంలో రెండూ తారుమారు. పైగా ఇంగ్లీషులో ఒకే పేరుని తలా ఒక అక్షరక్రమంలో రాస్తాం. దీనికి ఉపాయం ఏమిటంటే, ఒక రూపం ఎంచుకుని అన్ని చోట్లా అదే వాడటం. దానికి తోడు ఆర్కిడ్ అనే అంతర్జాతీయ సంస్థ 2012 నుంచి పరిశోధకులకు 16 స్థానాల సంఖ్య ఉచితంగా ఇస్తోంది. ఆధార్ సంఖ్య దాచుకునేది, ఇది నలుగురికీ చూపించుకునేది. ఊరు మారినా, ఉద్యోగం మారినా, పెళ్ళయి ఇంటిపేరు మారినా ఆ సంఖ్య మారదు.

ఇక ఎక్కడ కనబడాలి అన్న ప్రశ్న. శామీర్‌పేటలో ఉన్న, 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం గానీ, ఆ దగ్గర్లోనే 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం గానీ తీసుకోండి. వాళ్ళ వెబ్‌సైట్లలో అధ్యాపకుల వివరాలకు ప్రత్యేకంగా పేజీలుంటాయి. చిన్న కళాశాలల్లో పనిచేసే మనవాళ్ళకు ఆ వసతి తక్కువ. పైగా ప్రైవేటు కళాశాలల్లో రెండేళ్ళకొకసారి ఉద్యోగం మారేవాళ్ళు ఎందరో ఉన్నారు. కళాశాల మారగానే పాత వెబ్‌సైట్‌లో పేరు తీసేస్తారు, అంతవరకు చేసిన పని గాలిలో కలిసిపోతుంది. కాబట్టి కళాశాల పేజీ ఉన్నా, మన చేతిలో ఉండే చోటు ఇంకొకటి కావాలి.

డబ్బు ఖర్చు లేకుండా దొరికేవి ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం విద్వాన్ పేరుతో నిపుణుల పట్టిక నడుపుతోంది, అందులో చేరవచ్చు. అదే కేంద్రం నడిపే శోధగంగలో పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. మీ గ్రంథం అక్కడికి చేరిందో లేదో ఒకసారి చూసుకోండి. గూగుల్ స్కాలర్‌లో మన పేరిట పేజీ తెరిస్తే అచ్చయిన వ్యాసాలు ఒకచోట చేరతాయి. కానీ అందులో మరో శ్రీనివాస్ గారి వ్యాసాలు మన ఖాతాలో పడుతుంటాయి. వాటిని తీసేయడం మన ధర్మం.

పరిశోధన లేనివాళ్ళ మాటేమిటి? మనలో ఎక్కువమంది పాఠం చెప్పేవాళ్ళే కదా! 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా బడి పిల్లలకు పాఠాలు మొదలైన రోజులు గుర్తున్నాయా? ఆ ఏడాది కళాశాలల్లో మేమూ ఫోను ముందు నిలబడి పాఠాలు చెప్పడం నేర్చుకున్నాం. తీరా ఆ పాఠాలన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పడి ఉన్నాయి. ఫోను మారితే పాఠం పోయినట్టే, బయటివాడు వెతికితే దొరకదు. ఏడాదికి పది పాఠాలైనా, విషయం పేరు, తరగతి, తేదీ వేసి, అందరికీ అందే ఒక పేజీలో పెడితే, అధ్యాపకుడికి అంతకన్నా మంచి పరిచయపత్రం లేదు.

తెలుగులో నోట్సు రాసేవారికి ఒక మాట. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినది కంటికి తెలుగే, కంప్యూటరుకి మాత్రం అర్థంలేని అక్షరాలు. ఎవరు వెతికినా దొరకదు. యూనికోడ్‌లో టైపు చేస్తే "ఉష్ణగతిశాస్త్రం" అని కొట్టిన ఏ పల్లెటూరి కుర్రాడికైనా మీ పాఠం కనిపించే వీలుంటుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. డబ్బు తీసుకుని వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికలున్నాయి. అక్కడ అచ్చయినది వెతికినప్పుడల్లా పైకి తేలి మన పరువు తీస్తుంది. ఇంకొకరి నోట్సు మన పేరుతో పెట్టకూడదు. ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు పెట్టనక్కర లేదు, ముఖ్యంగా మహిళా అధ్యాపకులు. తరగతి ఫోటోలు, మార్కుల జాబితాలు అడక్కుండా పెట్టరాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఇంటర్ పిల్లలు చాలామంది ఆ వయసువారే. పెళ్ళి ఫోటోలూ రాజకీయ వాదాలూ వేరే ఖాతాలో ఉంచుకోవడం క్షేమం.

ఇంతకీ నేనేం చేశానంటారా? కళాశాల ఈమెయిల్ తీసుకున్నాను. ఒకే ఒక్క పేజీ తయారుచేసుకున్నాను. చదువు, చెప్పే పాఠాలు, అచ్చయిన రెండే రెండు వ్యాసాలు, విద్యార్థులు నన్ను కలవగల వేళలు. అంతే. ఉన్నది పది వాక్యాలే అయినా, పది వాక్యాలూ నిజం. ఏటా జూన్‌లో ఒకసారి సరిచూసుకుంటాను.

విద్యార్థులారా, ఈ పని మీ అధ్యాపకుల్లో కొందరికి కొత్త. మీకు అరగంట పని. ఒక ఆదివారం సార్ పక్కనో మేడమ్ పక్కనో కూర్చుని చేసిపెట్టండి. పాస్‌వర్డు మాత్రం వాళ్ళనే పెట్టుకోనివ్వండి. పూర్వ విద్యార్థులు మీమీ గురువుల పేర్లు ఒక్కసారి వెతికి చూడండి. కనబడకపోతే ఒక ఫోను చేయండి.

ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్ళీ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టింది. ఈసారి ఉత్తరం కళాశాల చిరునామా నుంచి వెళ్ళింది, కింద నా పేజీ చిరునామా కూడా రాశాను. ఎవరూ తిరిగి ప్రశ్న అడగలేదు.