స్నేర్ డ్రమ్ చేస్తారా.. చెక్కల జోడీ కుదరాలి!

డ్రమ్స్ వాయించడమే కాదు, సొంతంగా చేసుకోవాలనీ ఉందా? స్నేర్‌తో మొదలుపెట్టండి. మన మృదంగానికి పనస దుంగను తొలుస్తారు. స్నేర్‌కి చెక్క బద్దల్ని పీపాలా గుండ్రంగా అతికించినా చాలు. అందుకే రెండు రకాల కలప కలిపే వీలుంది. అలాగని రంగు చూసి ఏవో రెండు కలిపేస్తే కొన్నాళ్లకు అతుకులు విడిపోవచ్చు. డబ్బులూ, వారాల శ్రమా వృథా!

సౌండ్ కోసం..
ఘనపు మీటరుకు వాల్‌నట్ సుమారు 610 కిలోలు, టేకు 655, మేపుల్ 700, రోజ్‌వుడ్ 830 తూగుతాయి. బరువైన చెక్క మోత పదునుగా, తేలికది కాస్త మెత్తగా ఉంటుందని డ్రమ్ తయారీదారులు చెబుతారు. కానీ షెల్ మందం, అంచు కోత, పైన బిగించే హెడ్ కూడా సౌండ్‌ని మారుస్తాయి. ఖరీదైన చెక్క కొన్నంత మాత్రాన పనైపోదు.

జోడీ కోసం..
చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి మేపుల్ దాదాపు 10 శాతం కుంచించుకుపోతే, టేకు 5 శాతం పైచిలుకే. ఈ రెండూ పక్కపక్కన ఉంటే భారమంతా అతుకు మీదే. టేకు, రోజ్‌వుడ్‌ల కదలిక మాత్రం ఇంచుమించు సమానం. 16 టేకు బద్దల మధ్య 4 రోజ్‌వుడ్ బద్దలు సమాన దూరంలో పెట్టి చూడండి. అన్నీ బాగా ఆరి, ఒకే తేమతో ఉన్నాయో లేదో మాయిశ్చర్ మీటర్‌తో చూసుకోండి. రెండు చెక్కల్లోనూ నూనె ఉంటుంది కాబట్టి జిగురు రాసే ముందు అసిటోన్‌తో తుడవాలి. గాలి ఆడేచోట, మంటకు దూరంగా సుమా! రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారంపై 2017 నుంచి సైటిస్ నియంత్రణ ఉంది. ఇక్కడ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి.

లెక్క తప్పొద్దు
14 అంగుళాల షెల్‌కి 20 బద్దలైతే ఒక్కో అంచు కోణం 9 డిగ్రీలు. ప్రతి కోతలో 0.1 డిగ్రీ తేడా వచ్చినా 40 అంచులకు కలిపి 4 డిగ్రీలు! చివరి అతుకు మూసుకోదు. అందుకే టింబర్ డిపోలో మిగిలిన ముక్కలు తెచ్చుకుని, ముందు రెండంగుళాల ఎత్తు రింగ్ ఒకటి అతికించండి. జిగురు లేకుండా పేర్చినప్పుడు ఎక్కడా సందు కనిపించకపోతేనే అసలు కలప మీద రంపం పెట్టండి.