ఏడున్నర మోటరూ, ఎనిమిది గుర్రాల బండీ

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో హార్స్‌పవర్ అనే మాట బోరు మోటరు వెంట వచ్చింది. బడి మొహం చూడని రైతు కూడా మూడు, ఐదు, ఏడున్నర హెచ్‌పీల తేడా విడమరిచి చెబుతాడు. ఆయన్నే ఇంటి ముందున్న బండి ఎన్ని హెచ్‌పీ అని అడగండి. ‘వంద సీసీ’ అంటాడు. సీసీ చెప్పేది సిలిండర్‌లో పిస్టన్ కదిలే చోటు ఎంతో మాత్రమే. 349 సీసీ బుల్లెట్ సుమారు 20 హార్స్‌పవర్ ఇస్తుంటే, దానికంటే కొంచెమే పెద్దదైన 373 సీసీ కేటీఎం డ్యూక్ 43 దాకా ఇచ్చేది.

ఈ కొలత బేరం కోసం పుట్టింది. 1780లలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని గుర్రాలతో గానుగలు తిప్పుకునే యజమానులకు అమ్మాలి. ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితేనే వాళ్లు వింటారు. ఒక గుర్రం నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తగలదని లెక్క తేల్చాడు. ఇప్పటి లెక్కలో 746 వాట్లు. యూరప్ వాళ్లు తర్వాత 75 కిలోలను సెకనుకు ఒక మీటరు ఎత్తడమే ఒక గుర్రం పని అని గుండ్రటి అంకెగా పెట్టుకున్నారు, అది 735.5 వాట్లు. మన షోరూముల్లో పీఎస్ అని రాసేది ఇదే. వాట్ గుర్రం నిజం గుర్రానికి కాస్త మించినదే. మన మోట బావి దగ్గర జత ఎడ్లు కలిసి నిలకడగా ఇచ్చిన బలం దాదాపు ఒక్క హార్స్‌పవర్.

యంత్రం బలాన్ని నిజంగా తూచే పద్ధతి 1821లో ఫ్రెంచి ఇంజనీరు ప్రోనీ చేతిలో రూపు దిద్దుకుంది. తిరిగే ఇరుసుకు చెక్క దిమ్మెలు బిగించి, ఆ రాపిడి ఎంత బరువును ఆపగలదో చూశాడు. ఆ బ్రేకు పేరే బ్రేక్ హార్స్‌పవర్, అంటే బీహెచ్‌పీలో మిగిలింది. ఇప్పుడు ఆ పని డైనమోమీటర్లు చేస్తున్నాయి.

ఇక స్ప్లెండర్‌ను తీసుకుందాం. బీఎస్-6 స్ప్లెండర్ ప్లస్ బలం 5.9 కిలోవాట్లు. పీఎస్‌లో 8.02, వాట్ లెక్కలో 7.9. ఇంజన్ ఒక్కటే, అంకెలు మూడు. ఏడున్నర హెచ్‌పీ బోరు మోటరు ఇచ్చేది 5.6 కిలోవాట్లు. కాగితం మీద రెండూ దాదాపు సమానమే. కానీ మోటరు ఆ బలాన్ని కరెంటు ఉన్నంతసేపూ ఇస్తుంది. బండి మాత్రం నిమిషానికి 8,000 చుట్లు తిరిగినప్పుడే ఇస్తుంది. ఊళ్లో బండిని అంత గింజుకునేలా ఎవరు తోలుతారు? గాలి, రోడ్డు రాపిడి లెక్కగడితే గంటకు 50 కిలోమీటర్ల వేగానికి రెండు హార్స్‌పవర్ చాలు. ఎనభైకి పోవాలంటే ఆరు కావాలి. గాలిని చీల్చడానికి కావలసిన బలం వేగంతో సమానంగా కాకుండా దాని ఘనంతో పెరుగుతుంది మరి.

మెకానిక్కులు ‘పుల్లింగ్’ అనేది ఇంకో సంగతి. అది టార్క్, చక్రాన్ని మెలితిప్పే బలం. టార్క్‌ను చుట్లతో గుణించి 9,550తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. టీవీఎస్ ఎక్సెల్ 100 బండికి నాలుగున్నర హార్స్‌పవర్ కూడా లేదు. కానీ దాని 6.5 న్యూటన్ మీటర్ల టార్క్ 3,500 చుట్లకే అందుతుంది. గడ్డిమోపులూ పాలక్యాన్లూ దాని మీదే ఎందుకు ఎక్కుతాయో ఇది చెబుతుంది. మనుషులూ బరువూ కలిపి 250 కిలోల బండి నూటికి ఐదు మీటర్ల ఎక్కుడును గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, రోడ్డు రాపిడి వదిలేస్తే, ఒక్క హార్స్‌పవర్ సరిపోతుంది.

అంకె మీద డబ్బు ఆధారపడితే అంకె కదులుతుంది. 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం బోరు మోటర్లకు మీటరు బదులు హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టింది. ఇలాంటి స్లాబులున్న రాష్ట్రాల్లో మోటరు బలం ఒకటి, ప్లేటు మీద అంకె దానికంటే తక్కువ అయ్యేది. 2004 మేలో ఉచిత కరెంటు రావడంతో ఇక్కడ చాలామందికి ఆ బిల్లే లేకుండా పోయింది. బండ్ల వ్యాపారంలో దీనికి తలకిందులు. అక్కడ అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప. అబద్ధం రాయరు గానీ, రాసేది ఇంజన్ ఇరుసు దగ్గరి బలం. గేర్లూ గొలుసూ దాటి చక్రానికి చేరేసరికి దాదాపు పదో వంతు కరిగిపోతుంది.

దీని మీద మన ఎండ. పరీక్ష అంకెలను 25 డిగ్రీల చల్లటి గాలికి సరిచేసి ప్రకటిస్తారు. మహబూబ్‌నగర్ (పాలమూరు) సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 43 డిగ్రీల వేడికి గాలి మరీ పలచబడుతుంది. ఇంజన్‌లోకి ఆక్సిజన్ తగ్గి, బలం ఎనిమిది నుంచి పది శాతం పడిపోతుంది. అప్పుడు బండి బరువెక్కినట్టుంటే మెకానిక్కును తిట్టే ముందు గాలిని తలచుకోండి.

కొత్త బండి కొనేవాళ్లు కంపెనీ బ్రోచర్‌లోనో, బండితో ఇచ్చే పుస్తకంలోనో నాలుగు అంకెలు చూడండి: ఎన్ని కిలోవాట్లు, ఎన్ని చుట్ల దగ్గర, టార్క్ ఎంత, ఎన్ని చుట్ల దగ్గర. బండి బరువు కూడా అడగండి. చుట్లు చెప్పకుండా హార్స్‌పవర్ ఒక్కటే చెప్పే సేల్స్‌మన్ సగమే చెప్పాడన్నమాట.