క్షేమవార్త
కుమారుడు న్యూయార్కునకు పయనమైన నాటినుండి తల్లి చూపు ఫోనుపైననే. అచ్చట దిగి అతడు తన ఫోను తెరచినంతనే పరదేశపు టెలిఫోను సంస్థ సిమ్‌ను గుర్తించి, స్వదేశపు సంస్థ అనుమతించిన పిమ్మటనే మాట సాగనిచ్చును. ఈ ఆతిథ్యమే రోమింగ్.

ఆతిథ్యమైనను ఉచితము కాదు. డేటా రోమింగ్ తెరచియున్నచో యాత్రికుడు నిద్రించుచున్నను ఫోను సమాచారమును తెచ్చుకొనుచునే యుండును. రుసుము పెరుగుచునే యుండును. కావున విమానమెక్కకమునుపే దానిని ఆపి, పటములను ఫోనులో భద్రపరచి, బస చిరునామాను కాగితముపై వ్రాసికొనుట మేలు. బసలో వైఫై దొరకినపుడు ల్యాప్‌టాప్ తెరచి ముఖాముఖి మాటలాడవచ్చును.

వేళ యెరిగి పిలువవలెను. శీతకాలమున అచ్చట రాత్రి 9 గంటలైనపుడు హైదరాబాదులో మరునాటి ఉదయము 7.30, వేసవిలో 6.30. యంత్రములెన్ని యున్నను తల్లి కోరునది ఒక్క మాటయే: "క్షేమముగా చేరితినమ్మా."