కొత్త మగ్గములు - పనివారి జట్లు

కర్మాగారములో యంత్రము మారినచో పనివాని చేతిపని మాత్రమే మారునని మనము తలంతుము. ఎవరి పక్కన నిలిచి పనిచేయునో, కష్టము వచ్చినప్పుడు ఎవరిని పిలుచునో, అవియు మారిపోవును. ఇందుకు అహమ్మదాబాదులో జరిగిన ఉదంతమొకటి వినదగినది.

1952లో అచటి కాలికో మిల్లులో ఒక షెడ్డునందు స్వయంచాలక మగ్గములు నెలకొల్పిరి. యంత్రములు కొత్తవి, అయినను ఉత్పత్తి ఆశించినంత పెరుగలేదు. 1953లో లండనునందలి టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ. కె. రైస్ ఆ షెడ్డును పరిశీలించెను.

చిక్కు పని పంచిన తీరులో ఉన్నది. పనిని 12 రకములుగా విడదీసి, ఒక్కొక్క రకమునకు కొందరిని నియమించిరి. నేతగాండ్రు ఎనిమిదిమంది, కండెలు నింపువారు ఐదుగురు, తెగిన పోగులు సరిచేయువారు ముగ్గురు. కాగితముమీద ఈ లెక్క చక్కగానే ఉన్నది. కాని ఒకే నేతగాని మగ్గములలో కొన్నింటికి ఒకరు, కొన్నింటికి మరొకరు కండెలు నింపవలసివచ్చెను. పోగులు తెగినప్పుడు పిలువవలసిన మనిషి అప్పటికే వేరొకరి మగ్గము వద్ద నుండును. గుడ్డ చెడినచో తప్పెవరిదో తేలదు. బాగుగా వచ్చినచో మెప్పెవరిదో అంతకన్నను తేలదు. అట్టి చోట పనియందు తృప్తి ఎట్లు కలుగును?

రైస్ సూచన సామాన్యమైనది: 64 మగ్గములకు ఏడుగురు చొప్పున ఒక జట్టు, ఆ మగ్గముల మంచిచెడ్డలన్నియు ఆ ఏడుగురివే. సూచన చెవిని పడినదే తడవుగా పనివారు తమలో తామే జట్లు కట్టుకొనిరి. ఎవరితో పనిచేయుదురో ఎన్నుకొన్నది వారే. పనివారు మార్పును సహింపరను మాట తరచు వినుచుందుము గదా. ఆ మాట అనువారు ముందుగా పనివారితో మాటాడిరో లేదో ఎవరును అడుగరు.

రైస్ ప్రకటించిన లెక్కల ప్రకారము మగ్గముల సామర్థ్యము నూటికి సుమారు 80 నుండి 95కు పెరిగినది. చెడిన గుడ్డ 32 నుండి 20కి తగ్గినది. ఇవి ఒక్క షెడ్డు అంకెలు. వీనిని ప్రతి పరిశ్రమకును అంటగట్టుట న్యాయము కాదు.

1970లో టావిస్టాక్ సంస్థకే చెందిన ఎరిక్ మిల్లర్ ఆ మిల్లును మరల పరిశీలించెను. ఒక షెడ్డులో జట్టు పద్ధతి చాలవరకు నిలిచియుండెను. తక్కినచోట్ల సడలిపోయినది, విపణి ఒత్తిడులు పెరిగిన కొలది, పైవారు జట్ల లోపలి పనులలో మరల కలుగజేసికొనుట అందుకొక కారణము.