పదవ తరగతి తరువాత దారి చెప్పే తెర

పదవ తరగతి ఫలితాలు వెలువడే వేసవి దినాలలో ఇంటింటా ఒకే చర్చ. పిల్లవాణ్ణి ఎం.పి.సి.లో చేర్చాలా, బై.పి.సి.లో చేర్చాలా, పాలిటెక్నిక్ మంచిదా, ఐ.టి.ఐ. చాలునా, బాసరలోనో నూజివీడులోనో ట్రిపుల్ ఐ.టి.లో సీటు వస్తుందా అని పెద్దలు తర్కిస్తూ ఉంటారు. పినతండ్రిగారు ఒకటి చెబుతారు, ఎదురింటి మాస్టారు మరొకటి చెబుతారు. ఎవరిని గురించి ఈ తర్కమంతా సాగుతున్నదో ఆ పిల్లవాడు మాత్రం వసారాలో కూర్చుని వింటూ ఉంటాడు. పదిహేనేళ్ల వయస్సులో చేసిన ఈ నిర్ణయాన్ని తరువాత మార్చుకోవడం అసాధ్యం కాదు. కాని ఒక సంవత్సరం కాలమూ, ఒక సంవత్సరం ఫీజూ దానికి మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

ఇట్టి సమయంలో సలహా చెప్పడానికి ఇప్పుడు కంప్యూటరు మీద, చేతిఫోను మీద పనిచేసే సాధనాలు వచ్చాయి. అవి కొన్ని ప్రశ్నలు వేస్తాయి. జవాబులను బట్టి ఫలానా వృత్తులు నీకు అనుకూలమని చెబుతాయి. వీటిని ఏ విధంగా నిర్మిస్తే ప్రతి విద్యార్థికీ, అనగా చూపు మందగించినవారికీ, వినికిడి లేనివారికీ, చేతులు స్వాధీనంలో లేనివారికీ, నెమ్మదిగా చదివేవారికీ కూడా ఉపయోగపడతాయో నేడు శ్రోతలకు మనవి చేస్తాను.

మూలమైన ఆలోచన నూరేళ్లు దాటినది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువకులకు వృత్తి సలహా చెప్పే కార్యాలయాన్ని నెలకొల్పాడు. ఆయన మరణించిన తరువాత 1909లో ఆయన గ్రంథం వెలువడినది. తన్ను తాను తెలుసుకోవడం, వృత్తులను గురించి తెలుసుకోవడం, ఆ రెండింటికీ గల సంబంధాన్ని యుక్తితో ఆలోచించడం, ఈ మూడే ఆయన చెప్పిన సూత్రం. 1959లో జాన్ హాలండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మనుషుల అభిరుచులనూ, వృత్తులనూ ఆరు తరగతులుగా విభజించి చూపాడు. అమెరికా కార్మిక శాఖ వారు 60 ప్రశ్నలతో ప్రచురించిన అభిరుచి పత్రానికి ఆధారం ఆ ఆరు తరగతులే. నేటి సాధనాలలో పెక్కింటికి కూడా అదే మాతృక. మన దేశంలో 2015లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీసును ప్రారంభించినది. ఆ సంవత్సరపు జాతీయ వృత్తుల వర్గీకరణలో సుమారు 3,600 వృత్తులు వివరించబడి ఉన్నవి. మన ఇళ్లలో చర్చకు వచ్చే వృత్తులను లెక్కిస్తే పదికి మించవు!

అయితే ప్రశ్నపత్రాన్ని తెచ్చి తెలుగులోకి మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. "యంత్రాలను విప్పి బాగుచేయడం నీకు ఇష్టమా?" అని ఒక బాలికను అడిగితే, ఆ అమ్మాయి "ఇష్టం లేదు" అని నొక్కుతుంది. ఇంట్లో మోటారు ఆగిపోయినప్పుడు ఆమె తమ్ముణ్ణి పిలిచారే గాని ఆమెను ఎవ్వరూ పిలువలేదు. చేతబట్టి ఎరుగని పనిమీద ఇష్టం ఎక్కడినుండి వస్తుంది? ఇక్కడ సాధనం కొలుస్తున్నది అభిరుచిని కాదు, అవకాశాన్ని. కాబట్టి ప్రతి ప్రశ్నకూ "ఇంతవరకు చేసి చూడలేదు" అనే జవాబు కూడా ఉండాలి. ఆ జవాబు వచ్చిన చోట సాధనం ఆ వృత్తిని కొట్టివేయక, పాఠశాలలోనో, సమీపంలోని ఐ.టి.ఐ.లోనో ఒకసారి చూసి రమ్మని చెప్పాలి. ఈ చిన్న మార్పును నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మా బంధువులలో ఒక కుర్రవాడు ఉన్నాడు. చూపు చాలా తక్కువ. ఫోను తెరమీద ఉన్నదాన్ని ఫోనే చదివి వినిపించే ఏర్పాటు ఉన్నది కదా, దాని సహాయంతో పాఠాలు చక్కగా చదువుకుంటాడు. గత వేసవిలో వాడు ఇటువంటి సాధనాన్ని ఒకదాన్ని తెరిచాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోను "బటన్, బటన్, బటన్" అని మూడుసార్లు పలికి ఊరుకున్నది. తెరమీద మూడు అందమైన బొమ్మలు ఉన్నవి: ఒక స్టెతస్కోపు, ఒక గొట్టపు పరికరం, ఒక త్రాసు. బొమ్మకు పేరు పెట్టడం నిర్మాత మరచిపోయాడు. ఇంతలో కాలపరిమితి దాటినదని చెప్పి తెర మూసుకుపోయినది. వాడి తండ్రి దూరం నుండి చూసి, "వీడికి ఏమీ తోచడం లేదు కాబోలు" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూ ఉన్నది. తోచకపోవడం వాడి లోపం కాదు, వాడి ముందుకు ప్రశ్న రానే లేదు.

రేడియోలో పనిచేసే మాకు ఈ చిక్కు పరిచితమే. "ఎడమ పక్కన ఎర్రగా కనిపించేది చూడండి" అని మైకు ముందు చెబితే శ్రోతకు ఏమి తెలుస్తుంది? చెవికి అందేటట్లు వ్రాయడమే మా విద్య. ఆ విద్యలో సగం ఈ సాధనాల నిర్మాతలు నేర్చుకుంటే చాలును. ప్రతి బొమ్మకూ ఒక మాట ఉండాలి. ప్రతి మీటకూ అది చేసే పనిని తెలిపే పేరు ఉండాలి. ఆకుపచ్చది అవును, ఎరుపుది కాదు అని రంగుతోనే చెప్పరాదు, రంగుల భేదం తెలియని కళ్లు కూడా ఉంటాయి. వినబడనివారి కొరకు దృశ్య ప్రసంగాల క్రింద మాటలు అచ్చులో కనిపించాలి.

ఈ విషయాలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నవి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వారు వాటిని 2008లో, 2018లో, తిరిగి 2023లో సవరించి ప్రకటించారు. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంతి భేదం 4.5కు 1 నిష్పత్తికి తగ్గకూడదని అవి చెబుతున్నవి. తెల్లని తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు వేసి అదే నాగరికత అనుకునే నిర్మాతలు దీనిని గమనించాలి. కాలపరిమితి పెడితే దానిని పొడిగించుకునే వీలు కూడా ఉండాలి. వృత్తి అభిరుచిని తెలుసుకోవడానికి గడియారంతో పనేమిటో నాకు బోధపడదు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నవి. మన అక్షరాలకు క్రింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఆంగ్లాక్షరాల కొలతకు కోసిన మీటలో "శాస్త్రజ్ఞుడు" అని వ్రాస్తే ఒత్తులు తెగిపోతాయి, చూపు ఉన్నవారు సైతం తడుముకోవలసి వస్తుంది. యూనికోడ్ అనే సంకేత పద్ధతిలో 1991 నుండి తెలుగుకు స్థానం ఉన్నది. అయినప్పటికీ ముద్రణాలయాలకు అలవాటైన పాత ఫాంట్లతో తయారుచేసిన పత్రాలను కొందరు యథాతథంగా ఎక్కిస్తారు. కంటికి అది తెలుగే. చదివి వినిపించే యంత్రానికి మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల రాశి. ఆస్ట్రేలియాలో 2006లో ఆరంభమైన ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాధనం కంప్యూటరు మీద తెలుగును చదువుతుంది, ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ ఉన్నది. వినిపించే గొంతు ఉన్నది, దానికి అందించే మాట సరిగా ఉండాలి.

సాధనం చెప్పే సలహాలోనూ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. "చూపు లేదు" అని విద్యార్థి తెలియజేయగానే, ఎవరూ చెప్పకుండానే సైన్సు వృత్తులన్నీ జాబితా నుండి మాయమయ్యేటట్లు కొందరు నిర్మిస్తారు. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో జన్మించిన శ్రీకాంత్ బొల్లా పుట్టు అంధులు. పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికి అనుమతి లభించకపోతే న్యాయస్థానానికి వెళ్లి సాధించుకున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, తిరిగి వచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించారు. అటువంటి సాధనం ఆనాడు ఆయన చేతికి వచ్చి ఉంటే సైన్సు మాటే ఎత్తేది కాదు.

అట్లని నిజాన్ని దాచమని నేను చెప్పడం లేదు. రైలింజను నడిపే ఉద్యోగానికి రంగులు గుర్తించే చూపు తప్పనిసరి. ఆ మాట సాధనం స్పష్టంగా చెప్పాలి, చెప్పి అదే రైల్వేలో ఆ నిబంధన లేని ఉద్యోగాలను చూపాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం స్థానాలను ప్రత్యేకించినది. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వృత్తి పేరు పక్కనే ఇది కనబడాలి, వినబడాలి.

ఫోను ఒకటే ఉన్న ఇల్లు కూడా గుర్తుంచుకోదగినది. అది పగలు తండ్రితో పొలానికో, దుకాణానికో వెళ్లిపోతుంది. రాత్రి అరగంట దొరికితే అక్క, తమ్ముడు పంచుకుంటారు. కాబట్టి ఎక్కడ ఆపితే అక్కడినుండి మరునాడు కొనసాగించే వీలు ఉండాలి. ఇద్దరి జవాబులూ కలిసిపోకూడదు. ఇంటర్‌నెట్ లేనప్పుడు కూడా ప్రశ్నలు తెరుచుకోవాలి. మీటల ఫోను మాత్రమే ఉన్నవారికి, నంబరు తిప్పితే ప్రశ్న వినిపించి, ఒకటో రెండో నొక్కించుకునే పద్ధతి చక్కగా సరిపోతుంది.

మరొక హెచ్చరిక. పిల్లల జవాబులు, వైకల్య వివరాలు సంతలో సరుకు కారాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రశ్నలకు ముందే ఫోను నంబరు అడిగి, మరునాటినుండి కళాశాలల వారిచేత ఫోనులు చేయించే సాధనమైతే, పెద్దలు దానిని అక్కడే మూసివేయడం మేలు.

మా కుర్రవాడి సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. కొన్ని వారాల తరువాత మరొక సాధనం దొరికినది. ప్రశ్నలన్నీ ఫోను సక్రమంగా చదివినది. వాడు ఒక్కడే గదిలో కూర్చుని రెండు సాయంకాలాలలో ముగించాడు. జాబితాలో మొదట న్యాయశాస్త్రం, తరువాత కంప్యూటరు ప్రోగ్రాముల రచన వచ్చినవి. తండ్రి పిలిచి, "ఏమిరా, ఏమి చెప్పినది?" అని అడిగాడు. "చెప్పినది బాగానే ఉంది నాన్నా. కాలేజీలో పరీక్షకు నా బదులు వ్రాసిపెట్టే మనిషిని ఎవరు చూస్తారో మాత్రం చెప్పలేదు" అన్నాడు. మరునాడు ఉదయం తండ్రీ కొడుకులిద్దరూ ఆ మాట అడగడానికి కాలేజీకి బయలుదేరారు.