24 లక్షల ఆఫర్ వదిలేశా.. లెక్క నేర్పింది మా నాయన!

ఫోన్‌లో మూడు పీడీఎఫ్‌లు. ఒకదాంట్లో 24 లక్షలు, ఇంకోదాంట్లో 18, మూడోదాంట్లో 11. మార్చి మార్చి చూస్తున్నా. పక్కనే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని మా నాయన చీర నేస్తున్నాడు. ‘ఎక్కువిచ్చే చోటికి పో’ అంటాడనుకున్నా. ఆయన మగ్గం ఆపి ఒక్కటే అడిగాడు.

‘‘చేతికి ఎంత వస్తాదప్పా?’’

ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. అయినా నా దగ్గర జవాబు లేదు.

హిందూపురం మేడ మీద ఇంటర్వ్యూలు

మాది ధర్మవరం. బెంగళూరులో ఓ సర్వీసెస్ కంపెనీలో 9 లక్షల జీతం. మారాలని నిర్ణయించుకున్నాక శని, ఆదివారాల్లో ఇంటర్వ్యూలు పెట్టించుకునేవాణ్ని. మా వీధిలో మగ్గాల చప్పుడు ఇయర్‌ఫోన్స్‌లోకి కూడా దూరిపోతుంది. అందుకే హిందూపురంలో మా అక్క వాళ్ల మేడ మీద గదే నా ఇంటర్వ్యూ రూమ్ అయింది.

దాదాపు అన్ని చోట్లా వరస ఒకటే. మొదట ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్, తర్వాత డేటా స్ట్రక్చర్స్ రౌండ్లు ఒకటో రెండో, ఆపైన సిస్టమ్ డిజైన్, మేనేజర్, చివర్లో హెచ్‌ఆర్. మొదటి ఇంటర్వ్యూలో ‘ఎల్‌ఆర్‌యూ క్యాష్’ రాయమన్నారు. హ్యాష్ మ్యాప్, డబ్లీ లింక్డ్ లిస్ట్ కలిపితే అయిపోతుందని నాకు తెలుసు. కానీ ఎనిమిది నిమిషాలు నోరు తెరవకుండా కోడ్ రాస్తూ కూర్చున్నా. రిజెక్ట్! అలా ఏడు చోట్ల పోయింది.

ఒకరోజు మా బావకి అదే ప్రశ్న చెప్పా. ఆయనకి మార్కెట్లో బెల్లం అంగడి ఉంది. ‘‘చిన్న అంగడి బావా, పది బస్తాలకే చోటుంది. కొత్త సరుకొస్తే ఏది బయటికి తీయాలి?’’ అన్నా. ‘‘ఎవరూ అడగకుండా ఎక్కువ రోజులు పడున్నది తీస్తాం. దీనికి కూడా ఇంటర్వ్యూనా?’’ అని నవ్వాడు.

ఆయన నవ్వాడు గానీ, నాకు లైట్ వెలిగింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు జవాబు ఒక్కటే సరిపోదు, మన ఆలోచన ఎలా నడుస్తోందో వినపడాలి. అప్పటినుంచి ప్రతి ప్రాబ్లమ్‌నీ మొదట తెలుగులో బావకి చెప్పడం, తర్వాత ఇంగ్లిష్‌లో నాకు నేనే గట్టిగా చెప్పుకోవడం. తప్పుదారిలో వెళ్తున్నా సరే, ‘ఇలా వెళ్తున్నాను, ఎందుకంటే..’ అని పైకే చెప్పడం. మూడు నెలల్లో మూడు ఆఫర్లు వచ్చాయి.

నోటీస్ పీరియడ్ నాటకం

మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 60 నుంచి 90 రోజులు. ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని రిజైన్ చేస్తే, ఆ మూడు నెలల్లో మిగతావి వెతుక్కునే టైమ్ దొరుకుతుంది. కంపెనీలకూ ఇది తెలుసు. అందుకే కొందరు ‘48 గంటల్లో ఒప్పుకోవాలి’ అని గడువు పెడతారు. 24 లక్షల కంపెనీ నాకు సరిగ్గా అదే పెట్టింది.

నా చేయి ‘యాక్సెప్ట్’ బటన్ దాకా వెళ్లింది. నాయన ప్రశ్న గుర్తొచ్చి ఆగా. ఆ రాత్రి మూడు ఆఫర్లనీ విప్పి లెక్కేశా.

24 ఎలా కరిగిందంటే..

హైదరాబాద్ ఆఫర్ 24 లక్షల్లో ఫిక్స్‌డ్ 15 మాత్రమే. వేరియబుల్ 3, జాయినింగ్ బోనస్ 2, ఇంకా మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీ షేర్లు ఏడాదికి 4 లక్షల విలువ. బెంగళూరు ఆఫర్ 18లో ఫిక్స్‌డ్ 17, వేరియబుల్ 1. పెనుకొండ దగ్గరి ఆఫర్ 11 మొత్తం ఫిక్స్‌డే.

ఆ ఫిక్స్‌డ్‌లో కూడా అంతా మనది కాదు. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం.. ఈ రెండూ సీటీసీలోనే కలిపేస్తారు. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్లు పనిచేయాలి. తర్వాత మన వాటా పీఎఫ్, ఆపైన పన్ను. 2025–26 కొత్త పన్ను విధానంలో ఉద్యోగులకు 12.75 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి 11 లక్షల ఆఫర్‌కి పన్ను సున్నా.

బేసిక్ సగం అనుకుని లెక్కేస్తే నెలకి చేతికొచ్చేది సుమారుగా ఇదీ: హైదరాబాద్ లక్ష, బెంగళూరు లక్షా 12 వేలు, పెనుకొండ 78 వేలు. అందులోంచి అద్దె, తిండి, తిరుగుడు తీసేశా. హైదరాబాద్‌కి 35 వేలు, బెంగళూరుకి 40 వేలు, ఇంట్లోనే ఉంటే 10 వేలు అనుకున్నా. మిగిలేది వరసగా 65 వేలు, 72 వేలు, 68 వేలు!

24, 18, 11 అని కనపడ్డవి చివరికి ఇంత దగ్గర దగ్గరగా వచ్చేశాయి. పైగా పెద్ద నంబరే అన్నిటికంటే కింద ఉంది. నిజమే, వేరియబుల్, బోనస్ వస్తే హైదరాబాద్ లెక్క పెరుగుతుంది. కానీ అద్దె కట్టేది ప్రతి నెలా.

‘అడ్వాన్స్ తీసుకుంటే కట్టేసినట్టే’

పొద్దున నాయనకి చెప్పా. జాయినింగ్ బోనస్ దగ్గర ఆయన ఆగాడు. ‘‘ఏడాది లోపల మానేస్తే తిరిగి కట్టాల్నా? అది మా అడ్వాన్స్ మాదిరే’’ అన్నాడు.

ధర్మవరంలో మగ్గం వీధులు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు, చీరకింత అని కూలి ఇస్తాడు. అవసరానికి అడ్వాన్స్ కూడా ఇస్తాడు. అది తీరేదాకా ఇంకొకరి దగ్గరికి పోలేం, కూలి పెంచమని గట్టిగా అడగలేం. నాయన ఒకే అడ్వాన్స్ మీద ఆరేళ్లు ఒకరి దగ్గరే నేశాడు.

షేర్ల సంగతీ అంతే. మామూలుగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వస్తాయి, మొదటి ఏడాది నిండకముందే బయటికొస్తే ఒక్కటీ రాదు. అమ్ముకునే దారి లేకపోయినా ఆప్షన్ వాడుకుని షేర్లు తీసుకున్నప్పుడు సాధారణంగా పన్ను పడుతుంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టా: ‘ఎన్ని షేర్లు? నేను కట్టాల్సిన ధర ఎంత? ఆ 4 లక్షలు ఏ విలువ మీద లెక్కేశారు?’ 48 గంటలు గడిచాయి. జవాబు రాలేదు. ఆ ఆఫర్‌ని అక్కడే వదిలేశా.

పెనుకొండలో తేలని లెక్క

అసలు కష్టం మిగతా రెండింటి మధ్య. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంట్ 2019లో మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యం దానిది. చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు వచ్చాయి. అలాంటి ఓ కంపెనీలో ప్లాంట్ సాఫ్ట్‌వేర్ పని నాది. మెషీన్ల నుంచి డేటా తీసి, ఏ లైన్ ఎందుకు ఆగిందో చెప్పాలి. చిన్నప్పుడు పెనుకొండ అంటే కోట చూడ్డానికి వెళ్లే ఊరు. ఇప్పుడు అక్కడ కోడ్ రాసే ఉద్యోగం!

ఇంట్లోనే ఉండొచ్చు. నాయనకి చూపు తగ్గుతోంది, సన్న జరీ పోగు దొరకడం కష్టమవుతోంది. నేను పక్కనుంటే బాగుంటుందని అమ్మ నోరు తెరిచి అనలేదు, అంతే.

ఒకరోజు ప్లాంట్‌కి వెళ్లా. మేనేజర్ మంచాయన. ‘‘టీమ్‌లో ఎంతమంది సార్?’’ అన్నా. ‘‘నీతో కలిపి ఇద్దరు’’. ‘‘రాత్రి రెండింటికి లైన్ ఆగితే?’’ ‘‘నువ్వే రావాల’’. పని కష్టమని కాదు. నా కోడ్ చూసి తప్పు చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. బెంగళూరు టీమ్‌లో నాకంటే పదేళ్ల సీనియర్లు ఇద్దరున్నారు. ఇంటర్వ్యూలోనే నా డిజైన్‌లో ఒక లోపం పట్టుకుని అరగంట నేర్పించారు.

పెద్ద పేరుంటే భద్రత అనే నమ్మకం కూడా ఇప్పుడు లేదు. 2023 జనవరిలో గూగులే 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. రేపు ఉద్యోగం పోయినా ఇంకోటి తెచ్చుకునే పనితనమే నాకు భద్రత. అందుకే బెంగళూరు తీసుకున్నా. వారానికి మూడు రోజులే ఆఫీస్ అన్నమాట ఫోన్‌లో విని ఊరుకోకుండా మెయిల్‌లో రాయించుకున్నా. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, రైలుంది.

పెనుకొండ మేనేజర్‌కి మెసేజ్ కాకుండా ఫోనే చేశా. ‘‘నాలుగేళ్లయినాక గుర్తుపెట్టుకుని రాప్పా’’ అన్నాడు. జాయినింగ్ రోజు దాకా సాగదీసి ఎగ్గొట్టి ఉంటే ఆ మాట వచ్చేదా?

మీ చేతిలోనూ రెండు ఆఫర్లుంటే..

ఫిక్స్‌డ్ ఎంతో విడిగా రాసుకోండి. నెల ఖర్చు తీసేసి మిగిలేది పోల్చండి. బోనస్ తిరిగి కట్టే షరతు చదవండి. మీ కోడ్ ఎవరు చూస్తారో అడగండి. సంతకంతో ఆఫర్ లెటర్ రాకముందు రిజైన్ చేయొద్దు. ఏ మాటైనా మెయిల్‌లోకి తెచ్చుకోండి.

నా లెక్కలో ఒకటి తప్పింది. చేరిన రెండో వారంలోనే నాయనకి కంటి ఆపరేషన్. తీసుకెళ్లింది బావ. నేను ఆఫీసు నుంచి వీడియో కాల్‌లో చూశా. కట్టు విప్పాక నాయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని అడిగాడు. ‘‘మొదటి జీతం పడిందా? చేతికి ఎంతొచ్చింది?’’

ఈసారి రూపాయితో సహా చెప్పా.