గోదావరి గట్టున ఆగిపోయిన స్వపరిపాలన

భద్రాచలం అనగానే మనలో చాలామందికి తానీషా, కంచర్ల గోపన్నల ఉదంతమే జ్ఞాపకం వస్తుంది. అది అందరూ చెప్పుకొనే కథ. అదే నేల మీద ఇరవయ్యో శతాబ్దంలో జరిగిన మరో సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆంగ్ల ప్రభుత్వం విడతలవారీగా ఇచ్చిన స్వపరిపాలన ఈ అడవి అంచుదాకా వచ్చి నిలిచిపోయింది.

1860లో నిజాం ప్రభువు గోదావరి ఎడమగట్టు ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. 1874లో భద్రాచలం మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. ఇవతలి గట్టున బూర్గంపహాడ్, ఖమ్మం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. రెండు గట్లమీదా కోయలే. పాలకులు మాత్రం వేరు.

1919 చట్టం ప్రకారం 1920లో మద్రాసులో ఎన్నికలు జరిగి, సుబ్బరాయలు రెడ్డియార్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు మంత్రుల చేతికి వచ్చాయి. పోలీసు, భూమిశిస్తు, అడవులు గవర్నరు వద్దనే ఉన్నాయి. పోడు, కలప, ఇప్పపువ్వు, చింతపండు - కోయవాని బ్రతుకంతా అడవే కదా! 1882 అటవీ చట్టం ఆ బ్రతుకుకు కంచె వేసింది. ఆ కంచెను సడలించే అధికారం ప్రజలెన్నుకొన్న మంత్రులకు లేదు. పైగా ఏజెన్సీ మొత్తాన్ని 'వెనుకబడిన ప్రాంతం'గా ప్రకటించారు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరగబడినది ఈ స్వపరిపాలన కాలంలోనే అని పాఠకులు గమనించగలరు.

1937లో అధికారం మరింత విస్తరించింది. మద్రాసు శాసనసభలో 215 స్థానాలు. వాటిలో ముస్లిములకు 28, వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి ఒక్కటి. రాజాజీ మంత్రివర్గంలో యాకూబ్ హసన్ గారు ప్రజాపనుల మంత్రి. మన స్థానాల లెక్క మనవాళ్లు ఎంతో శ్రద్ధగా చూసుకొన్నారు. ఆ ఒక్క స్థానం గురించి ఎందరు ఆలోచించారో! తూర్పు గోదావరి ఏజెన్సీ 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతం' అయింది. అంటే, సభ చేసిన ఏ శాసనమైనా గవర్నరు ప్రకటన చేస్తే తప్ప అక్కడ చెల్లదు.

ఇదంతా కేవలం అన్యాయమేనా అంటే, అలా అనలేం. వడ్డీకి పరిమితి పెట్టి, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి పరులపాలు కాకుండా ఆపిన 1917 చట్టం ఆ ప్రత్యేక పాలనలో నుండి వచ్చినదే. వడ్డీ ఎంత కీడో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. మైదానపు వ్యాపారికి అడ్డుకట్ట లేని స్వపరిపాలన వచ్చి ఉంటే కోయలకు భూమి మిగిలేది కాదేమో. అయినా రక్షణ పేరుతో మనిషి నోటికి తాళం వేయటం మరొక విషయం. ఏ రక్షణ కావాలో వారిని అడిగినవారు లేరు.

అవతల నిజాం వైపు పరిస్థితి ఇంతకన్నా మెరుగుగా లేదు. వయోజనులందరికీ ఓటు 1952లో గాని రాలేదు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడగా, 1959లో భద్రాచలం అందులో కలిసింది. గిరిజనుల భూమికి రక్షణగా అదే సంవత్సరం వచ్చిన రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో కట్టుదిట్టం చేశారు.

రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులో పాత ఏర్పాటు తిరగబడింది. ఇప్పుడు గవర్నరు ఆపితే తప్ప శాసనాలు అక్కడ చెల్లుతాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం చుట్టుపట్ల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. రెండు గట్ల నడుమ ఉన్న సరిహద్దు ఊరి పొలిమేరకే వచ్చింది.